ఆవిరి ఖర్చు తగ్గేనా? అయానిక్ ద్రవాలు, కార్బన్ సేకరణ, గోదావరి డెల్టా

సంక్షిప్తంగా

పొగ నుంచి కార్బన్ డయాక్సైడును వేరుచేసే విభాగాన్ని నడపడానికి అయ్యే ఖర్చులో సింహభాగం, ద్రావణం పట్టుకున్న వాయువును తిరిగి విడిపించడానికి వాడే ఆవిరిదే. మామూలు వేడిలోనే ద్రవంగా ఉండే కొన్ని లవణాలు, అంటే అయానిక్ ద్రవాలు, ఆ ఆవిరి అవసరాన్ని దాదాపు సగానికి తగ్గించగలవని లెక్కలు సూచిస్తున్నాయి. అయితే చిక్కదనం, ధర, తేమ కలిసి ఆ లాభంలో పెద్ద భాగాన్ని హరిస్తున్నాయి. గోదావరి డెల్టాలోని పరిశ్రమల తీరును బట్టి చూస్తే, వీటికి తొలి చోటు గ్యాసు విద్యుత్ కేంద్రాల పొగగొట్టాల దగ్గర కన్నా బయోగ్యాస్ శుద్ధిలోనూ శీతలీకరణలోనూ దొరికే అవకాశం ఎక్కువ.

కాకినాడకు కొత్త కాని పని

కార్బన్ సేకరణ అనగానే అది రాబోయే కాలానికి చెందిన సాంకేతికత అన్నట్టుగా చర్చ సాగుతుంది. కాకినాడలోని నాగార్జున ఎరువుల కర్మాగారంలో, పొగ నుంచి రోజుకు 450 టన్నుల కార్బన్ డయాక్సైడును వేరుచేసే విభాగం 2009లోనే మొదలైంది. జపాన్‌కు చెందిన మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్ పరిజ్ఞానంతో, కేఎస్-1 అనే అమైన్ (అమ్మోనియా తరహా సేంద్రియ పదార్థం) ద్రావణం వాడేలా దాన్ని కట్టారు. అమెరికాలోని టెక్సాస్‌లో 2017లో పని మొదలుపెట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న పెట్రా నోవా కేంద్రం, రోజుకు 4,776 టన్నుల సామర్థ్యంతో వాడినదీ ఇదే ద్రావణం.

కాకినాడలో ఆ విభాగం అవసరమైంది వాతావరణం కోసం కాదు, యూరియా కోసం. టన్ను యూరియాకు సుమారు 0.57 టన్నుల అమ్మోనియా, 0.73 టన్నుల కార్బన్ డయాక్సైడ్ కావాలి. సహజవాయువు నుంచి అమ్మోనియా తయారుచేసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తుంది గానీ, ఆ అమ్మోనియానంతటినీ యూరియాగా మార్చడానికి అది కొద్దిగా చాలదు. కార్బన్ పాలు ఎక్కువగా ఉండే నాఫ్తాను ముడిసరుకుగా వాడినప్పుడు ఈ కొరత రాదు. గ్యాసుతో నడిచే కర్మాగారాలు ఆ లోటును, సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసే రిఫార్మర్ కొలిమి పొగ నుంచి పూడ్చుకోవలసి వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని ఇఫ్కో వారి ఆంవ్లా, ఫూల్‌పూర్ కర్మాగారాలు కూడా 2006లో ఇదే కారణంతో ఇదే దారి పట్టాయి.

ఇప్పుడు ఈ విషయం మళ్లీ చర్చకు రావడానికి కారణాలు వేరు. 2070 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని భారత ప్రభుత్వం 2021లో గ్లాస్గో సదస్సులో ప్రకటించింది. 2023లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకాన్ని నోటిఫై చేసింది. ఐరోపా సమాఖ్య తన సరిహద్దుల్లో విధించే కార్బన్ సుంకం పరిధిలో ఎరువులు కూడా ఉన్నాయి. వీటికి తోడు, 2025లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లోహ-సేంద్రియ చట్రాలను రూపొందించిన ముగ్గురికి దక్కడంతో, కార్బన్‌ను పీల్చే పదార్థాల పేర్లు పత్రికల్లో తరచుగా కనబడుతున్నాయి. ఆ చట్రాలు సూక్ష్మరంధ్రాలతో నిండిన ఘనపదార్థాలు. అయానిక్ ద్రవాలు వాటికి సంబంధం లేని మరో కుటుంబం. రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే సగం గందరగోళం పుడుతోంది.

అమైన్ పద్ధతిలో ఖర్చు ఎక్కడ ఉంది

అమైన్ ద్రావణంతో ఆమ్ల వాయువులను కడిగే పద్ధతికి అమెరికాలో ఆర్.ఆర్. బాటమ్స్ 1930లో పేటెంట్ పొందాడు. దాదాపు వందేళ్లయినా మూలసూత్రం మారలేదు. చల్లార్చిన పొగను అబ్సార్బర్ అనే పొడవాటి గోపురంలోకి కింద నుంచి పంపుతారు. పైనుంచి ద్రావణం జల్లుగా దిగుతుంది. 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రావణంలోని అమైన్ కార్బన్ డయాక్సైడుతో రసాయనికంగా కలుస్తుంది. వాయువుతో నిండిన ద్రావణాన్ని స్ట్రిప్పర్ అనే రెండో గోపురానికి పంపి, అడుగున ఉన్న రీబాయిలర్‌లో ఆవిరితో 120 డిగ్రీల దాకా వేడిచేస్తే ఆ బంధం తెగి వాయువు బయటికి వస్తుంది. ఖాళీ అయిన ద్రావణాన్ని చల్లార్చి మళ్లీ మొదటి గోపురానికి తిప్పుతారు.

అందరికీ కొలమానంగా నిలిచే ద్రావణం 30 శాతం మోనోఇథనాలమైన్, పరిశ్రమ వాడుకలో ఎంఈఏ. దీనితో టన్ను కార్బన్ డయాక్సైడును విడిపించడానికి 3.5 నుంచి 4 గిగాజౌళ్ల వేడి కావాలి. ఆ వేడి ఎటు పోతుందో విడదీసి చూస్తే, కొత్త ద్రావణాల కోసం వెతుకులాట ఎందుకో అర్థమవుతుంది. అమైన్‌కూ కార్బన్ డయాక్సైడుకూ మధ్య బంధం తెంచడానికి మోల్‌కు (అంటే 44 గ్రాముల వాయువుకు) సుమారు 85 కిలోజౌళ్లు, అంటే టన్నుకు 1.9 గిగాజౌళ్లు అవుతాయి. టన్ను వాయువును మోసుకొచ్చే దాదాపు 20 టన్నుల ద్రావణాన్ని, ఉష్ణమార్పిడి యంత్రం దాటాక మిగిలిన చివరి పది డిగ్రీలు వేడిచేయడానికి 0.7 గిగాజౌళ్ల పైచిలుకు పడుతుంది. మిగిలిన ఒక గిగాజౌల్ అచ్చంగా నీటిని మరిగించడానికే. ద్రావణంలో 70 శాతం నీరే కాబట్టి, వాయువుతోపాటు నీటి ఆవిరి కూడా పైకి లేచి, గోపురం తలమీద కండెన్సర్‌లో మళ్లీ నీరైపోతుంది. ఆ వేడి శీతలీకరణ నీటిలో కలిసిపోతుంది.

రోజుకు 450 టన్నులు పట్టే విభాగం ఎంఈఏతో నడిస్తే, ఈ లెక్కన రోజుకు దాదాపు 770 టన్నుల ఆవిరి కావాలి. కేఎస్-1 వంటి మెరుగైన అమైన్లకు ఇంతకన్నా తక్కువ చాలుతుంది గానీ అవీ నీటిలో కలిపి వాడేవే. బొగ్గు విద్యుత్ కేంద్రానికి ఇలాంటి విభాగాన్ని జోడిస్తే ఉత్పత్తయ్యే కరెంటులో 20 నుంచి 30 శాతం దీనికే పోతుందని సాధారణ అంచనా.

డెల్టాకు మరో ఇబ్బంది కూడా ఉంది. స్ట్రిప్పర్‌కు ఇచ్చిన వేడిలో చాలాభాగాన్ని చివరికి చల్లటి నీళ్లతో తీసేయాలి. గోదావరి కాలువల్లో నీటికి కొరత లేదన్న మాట ఏడాది పొడవునా నిజం కాదు. దాళ్వా కోతల తర్వాత కాలువలు కట్టేసే వేసవి రోజుల్లోనే ఎండ, ఉక్కపోత రెండూ తీవ్రంగా ఉంటాయి. కూలింగ్ టవర్ పనితీరు అప్పుడే పడిపోతుంది. అబ్సార్బర్‌ను 40 డిగ్రీల దగ్గర నిలబెట్టడం చల్లని దేశాల్లో ఉన్నంత తేలిక కాదు. ఆవిరి వాడకం తగ్గితే శీతలీకరణ నీటి అవసరం కూడా తగ్గుతుందన్న సంగతి ఇక్కడ రెండింతలు ముఖ్యం.

ద్రవంగా ఉండే లవణం

మామూలు ఉప్పు కరగాలంటే 801 డిగ్రీల వేడి కావాలి. అందులోని సోడియం, క్లోరిన్ అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) రెండూ చిన్నవి, గుండ్రనివి. అవి వరుసల్లో బిగుతుగా అమరి గట్టి స్ఫటికం కడతాయి. వాటి స్థానంలో పెద్ద, వంకరటింకర సేంద్రియ అయాన్లను పెడితే ఆ అమరిక కుదరక, లవణం మామూలు వేడిలోనే ద్రవంగా మిగిలిపోతుంది. వంద డిగ్రీల లోపు కరిగే లవణాలను అయానిక్ ద్రవాలంటారు. పాల్ వాల్డెన్ 1914లో వర్ణించిన ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ 12 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. గాలికీ తేమకూ తట్టుకునే రకాలను 1992లో విల్క్స్, జావోరోట్కో తయారుచేశాక ఈ రంగంలో పరిశోధన ఊపందుకుంది.

ఇంజినీర్లను ఆకర్షించిన గుణం, ఇవి దాదాపుగా ఆవిరి కాకపోవడం. అయాన్లను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే విద్యుదాకర్షణ వాటిని గాలిలోకి పోనివ్వదు. కాబట్టి స్ట్రిప్పర్‌లో నీరు మరిగించే ఖర్చు ఉండదు, పొగతోపాటు ద్రావణం కొట్టుకుపోయే నష్టం ఉండదు. పైగా అయాన్ల జంటను మార్చి గుణాలను కావలసినట్టు మలచుకోవచ్చు. 1999లో నేచర్ పత్రికలో జోన్ బ్రెన్నెక్ తదితరులు చూపించినది ఈ రంగానికి మలుపు: పీడనంలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇలాంటి ద్రవంలో బాగా కరిగింది, ద్రవం మాత్రం ఆ వాయువులోకి ఏమాత్రం వెళ్లలేదు.

ఇవి పరిశోధనశాల దాటలేదన్న అభిప్రాయం సరికాదు. జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ 2002 నాటికే తన తయారీ ప్రక్రియలో ఒకదానిలో ఆమ్లాన్ని అయానిక్ ద్రవం రూపంలో వేరుచేసింది. మలేసియాలో పెట్రోనాస్ సహజవాయువు నుంచి పాదరసాన్ని తొలగించడానికి వాడుతోంది. షెవ్రాన్ 2021లో సాల్ట్‌లేక్ సిటీ రిఫైనరీలో ప్రమాదకరమైన హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం బదులు అయానిక్ ద్రవ ఉత్ప్రేరకాన్ని ప్రవేశపెట్టింది. వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. ద్రవం కొద్దిగా చాలు, చేసే పని విలువైనది. కార్బన్ సేకరణలో ఇది తలకిందులవుతుంది. ద్రవం వందల టన్నులు కావాలి. వచ్చే సరుకు చౌక వాయువు.

కరగడం వేరు, కలవడం వేరు

బ్రెన్నెక్ బృందం వాడిన బ్యూటైల్ మిథైల్ ఇమిడజోలియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్‌లో కార్బన్ డయాక్సైడ్ భౌతికంగా కరుగుతుందే తప్ప రసాయనికంగా కలవదు. భౌతికంగా కరిగే మోతాదు పీడనంతోపాటు పెరుగుతుంది, తగ్గుతుంది. బొగ్గు పొగలో కార్బన్ డయాక్సైడ్ వాటా 12 నుంచి 15 శాతం, అంటే దాని పాక్షిక పీడనం (మొత్తం పీడనంలో దాని వంతు) 0.13 బార్ చుట్టూ ఉంటుంది; ఒక బార్ దాదాపు మామూలు గాలి పీడనం. అంత తక్కువ పీడనంలో ఈ ద్రవం కిలోకు అర గ్రాము కూడా పట్టదు. ఎంఈఏ ద్రావణం ఒక్క చుట్టులో కిలోకు దాదాపు 50 గ్రాములు మోస్తుంది. అంటే టన్ను వాయువుకు ఎంఈఏ 20 టన్నులు తిరిగితే, ఈ ద్రవం రెండు వేల టన్నులకు పైగా తిరగాలి. విడిపించే వేడి ఎంత తక్కువైనా, అంత ద్రవాన్ని తిప్పే పంపులు, గోపురాలు గిట్టుబాటు కావు. పరిశోధన ఫలితాలను పత్రికలకు ఎక్కించేటప్పుడు ఎక్కువగా జారిపోయే వివరం ఇదే: పది, ఇరవై బార్ల దగ్గర కొలిచిన కరుగుదలను పొగగొట్టానికి ఆపాదిస్తుంటారు.

అందుకే 2002లో సౌత్ అలబామా విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ డేవిస్ బృందం అయాన్‌కే అమైన్ సమూహాన్ని తగిలించింది. తక్కువ పీడనంలోనూ వాయువును పట్టే శక్తి వచ్చింది గానీ, పట్టిన కొద్దీ అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు అల్లుకుని ద్రవం జెల్లీలా బిగుసుకుపోయింది. పైగా ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువుకు రెండు జతల అయాన్లు కావలసి వచ్చాయి. 2010 ప్రాంతంలో నోట్రెడామ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన మరో తరం ద్రవాలు ఈ రెండు చిక్కులనూ చాలావరకు తప్పించాయి. వాటిలో రుణ అయాన్ ఒక నైట్రోజన్ వలయం. ఒక జతకు ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు కలుస్తుంది, కలిశాక చిక్కదనం పెద్దగా పెరగదు. బంధపు బలాన్ని మోల్‌కు 40 నుంచి 60 కిలోజౌళ్ల మధ్య ఎంచుకోవచ్చు.

ఎంఈఏకు వేసిన లెక్కనే దీనికీ వేయవచ్చు. బంధం తెంచడానికి మోల్‌కు 50 కిలోజౌళ్లనుకుంటే టన్నుకు 1.1 గిగాజౌళ్లు. కిలో ద్రవం చుట్టుకు 40 గ్రాములు మోస్తుందనుకుంటే 25 టన్నుల ద్రవం తిరగాలి. దాని విశిష్టోష్ణం నీటిలో సగమే కాబట్టి వేడిచేయడానికి, ఉష్ణమార్పిడి యంత్రం నాణ్యతను బట్టి, అర గిగాజౌల్ నుంచి ఒక గిగాజౌల్. నీరు మరిగించే పద్దు లేదు. మొత్తం 1.6 నుంచి 2.1 గిగాజౌళ్లు. కాగితం మీద ఇది ఎంఈఏ ఖర్చులో దాదాపు సగం.

కాగితానికీ కర్మాగారానికీ మధ్య

మొదటి అడ్డంకి చిక్కదనం. ఎంఈఏ ద్రావణం నీటికన్నా రెండు మూడు రెట్లే చిక్కన. అయానిక్ ద్రవాల్లో చాలావరకు 25 డిగ్రీల దగ్గర నీటికన్నా 50 నుంచి 500 రెట్లు చిక్కగా ఉంటాయి. పై అంచున ఉన్నవి ఆముదంలా నెమ్మదిగా సాగుతాయి. పంపు కరెంటు పెరుగుతుందని అందరూ మొదట అంటారు గానీ అసలు దెబ్బ అక్కడ లేదు. చిక్కటి ద్రవంలో వాయు అణువులు లోపలికి చొచ్చుకుపోవడం నెమ్మదిస్తుంది కాబట్టి అబ్సార్బర్ ఎత్తు పెంచాలి. వేడి ద్రవానికీ చల్లటి ద్రవానికీ మధ్య ఉష్ణమార్పిడి కూడా మందగిస్తుంది. పైన చెప్పిన అర గిగాజౌల్ ఒక గిగాజౌల్ అయ్యేది ఈ కారణంగానే. వేడి పెరిగితే చిక్కదనం గబగబా పడిపోతుంది కానీ, వేడిగా ఉన్న ద్రవం వాయువును తక్కువ పట్టుకుంటుంది.

రెండోది తేమ. 40 డిగ్రీలకు చల్లార్చిన పొగలో ఇంకా ఏడు శాతం దాకా నీటి ఆవిరి ఉంటుంది, చాలా అయానిక్ ద్రవాలు దాన్ని ఇష్టంగా పీల్చుకుంటాయి. ఇక్కడొక విచిత్రం ఉంది. కొద్ది శాతం నీరు చేరితే చిక్కదనం బాగా తగ్గుతుంది, అది మేలు. ఆ నీరే స్ట్రిప్పర్‌లో మరుగుతుంది, అది చేటు. నీరు ఎక్కువగా చేరనిస్తే ఏ ఖర్చును వదిలించుకోవడానికి అయానిక్ ద్రవాన్ని ఎంచుకున్నారో అదే ఖర్చు తిరిగి వస్తుంది. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ వంటి అయాన్లు నీటి సమక్షంలో విచ్ఛిన్నమై హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తాయి కూడా. తొలినాటి పరిశోధనల్లో విరివిగా కనిపించిన ఆ అయాన్‌ను ఇప్పుడు పరిశ్రమ కోసం ఎవరూ గట్టిగా ప్రతిపాదించకపోవడానికి కారణం అదే.

మూడోది ధర. రోజుకు 450 టన్నుల విభాగానికి గంటకు దాదాపు 470 టన్నుల ద్రవం తిరగాలి. గొట్టాల్లో, గోపురాల్లో, ట్యాంకుల్లో కలిపి ఒక గంటకు సరిపడా నిలవ ఉండాలనుకుందాం. ఎంఈఏ కిలో ఒకటి రెండు డాలర్లకు దొరుకుతుంది. అయానిక్ ద్రవం పెద్దమొత్తంలో కిలో 20 డాలర్లకు వస్తుందనుకున్నా, తొలిసారి నింపడానికే 94 లక్షల డాలర్లు. టన్నుకు 1.6 గిగాజౌళ్లు ఆదా అయి, గిగాజౌల్ ఆవిరి 8 డాలర్లని లెక్క కడితే, ఏడాదికి 330 రోజులు నడిచినప్పుడు మిగిలేది 19 లక్షల డాలర్లు. ద్రవం ధర ఒక్కటే రాబట్టడానికి అయిదేళ్లు పడుతుంది, పెద్ద గోపురం ఖర్చు ఇందులో లేదు. అంతకాలం ఆ ద్రవం పాడవకుండా ఉండాలి. మూడువందల డిగ్రీల దాకా తట్టుకుంటుందని చెప్పే అంకెలు సాధారణంగా నమూనాను నిమిషాల్లో వేడెక్కించి కొలిచినవి. నెలల తరబడి 120 డిగ్రీల దగ్గర, ఆక్సిజన్ తగులుతూ తిరిగే ద్రవం అంతకన్నా చాలా తక్కువ వేడికే విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. ఏ కొత్త ద్రవం గురించి విన్నా మొదట అడగవలసిన ప్రశ్న ఎన్ని గంటలు నడిపి చూశారన్నదే.

నాలుగోది కాస్త సూక్ష్మం. ఎంఈఏ స్ట్రిప్పర్‌లో పైకి లేచే నీటి ఆవిరి పూర్తిగా వృథా కాదు. అది కార్బన్ డయాక్సైడును పలచన చేసి ద్రావణం నుంచి బయటికి లాగుతుంది. ఆవిరి లేని చోట ఆ సాయం ఉండదు కాబట్టి ద్రవాన్ని ఇంకా వేడిచేయాలి, లేదా పీడనం తగ్గించాలి. పీడనం తగ్గిస్తే తర్వాత వాయువును వంద బార్లకు పైగా నొక్కడానికి కంప్రెసర్ ఖర్చు పెరుగుతుంది. బలహీన బంధం ఎంచుకుంటే అన్నీ లాభాలే అన్న ధోరణి తప్పని ఈ ఒక్క అంశం తేల్చేస్తుంది.

డెల్టాలో ఏ పొగ, ఎంత చిక్కన

కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాసు మీద ఆశతో డెల్టాలోనూ పరిసరాల్లోనూ విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరి, కాకినాడ వంటి చోట్ల గ్యాసు విద్యుత్ కేంద్రాలు వెలిశాయి. గాడిమొగ తీరానికి 2009లో చేరడం మొదలైన లోతు సముద్రపు గ్యాసు అంచనాలను అందుకోకపోవడంతో వాటిలో చాలావరకు ఏళ్లతరబడి ఖాళీగా ఉన్నాయి. సామర్లకోట దగ్గర 2,400 మెగావాట్లకు కట్టిన కేంద్రానికి గ్యాసే అందలేదు. నడిచినా, గ్యాసు టర్బైన్ పొగలో కార్బన్ డయాక్సైడ్ 3 నుంచి 4 శాతమే. సేకరణకు అన్నిటికన్నా కష్టమైన పొగ అది. ఎప్పుడో నాలుగు రోజులు తిరిగే యంత్రానికి ఖరీదైన ద్రవంతో విభాగం కట్టడం అర్థం లేని పని. ఒక్క మేలు మాత్రం ఉంది: గ్యాసు పొగలో గంధకం దాదాపు ఉండదు. బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ అయానిక్ ద్రవాలకు గట్టిగా అంటుకుని వదలదు. ఎరువుల కర్మాగారంలోని రిఫార్మర్ పొగకు కూడా ఈ శుభ్రత ఉంది, పైగా అందులో కార్బన్ డయాక్సైడ్ టర్బైన్ పొగలో కన్నా ఎక్కువ.

మండపేట మొదలుకొని కాకినాడ దాకా ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఊక బాయిలర్లున్నాయి. ఊక కార్బన్ ఈ ఏటి పైరు గాలి నుంచి తీసుకున్నదే కాబట్టి, ఆ పొగను పట్టి భూమిలో దాచగలిగితే వాతావరణం నుంచి నికరంగా తగ్గించినట్టవుతుంది. సిద్ధాంతం చక్కగా ఉంది. కానీ మిల్లులు చిన్నవి, చెల్లాచెదురుగా ఉంటాయి. ఊక బూడిదలో అధికభాగం సిలికా, అది సన్నటి ధూళిగా లేచి, గోపురంలో ద్రవాన్ని పలచగా పరిచే ప్యాకింగ్‌లోనూ ఉష్ణమార్పిడి యంత్రాల్లోనూ పేరుకుంటుంది. చిక్కటి ద్రవంలో పడిన ధూళిని వడకట్టడం నీటిలాంటి ద్రావణంలో కన్నా ఎంతో కష్టం. ఇక డెల్టా వరిచేల నుంచి వచ్చే మీథేన్‌కు అసలు పొగగొట్టమే లేదు. దాన్ని తగ్గించేది నీటి యాజమాన్యమే గానీ రసాయన గోపురాలు కావు.

బయోగ్యాస్ దగ్గర పరిస్థితి భిన్నం. గడ్డి, కోళ్లఫారాల వ్యర్థాలు, చక్కెర మిల్లుల మడ్డి నుంచి వచ్చే బయోగ్యాస్‌లో దాదాపు 40 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. 2018లో మొదలైన సతత్ పథకం కింద వాహన ఇంధనంగా అమ్మాలంటే మీథేన్‌ను 90 శాతానికి పెంచాలి, ఎటూ సిలిండర్‌లోకి నొక్కాలి కూడా. గ్యాసును 10 బార్లకు నొక్కితే కార్బన్ డయాక్సైడ్ పాక్షిక పీడనం 4 బార్లు. పొగగొట్టం దగ్గర ఓడిపోయిన భౌతిక కరుగుదల ఇక్కడ పనిచేస్తుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న నీటి స్క్రబ్బింగ్‌లో, ఆ పీడనం దగ్గర 25 డిగ్రీల నీరు కిలోకు సుమారు 6 గ్రాములు కరిగించుకుంటే, మామూలు అయానిక్ ద్రవాలు 12 నుంచి 14 గ్రాములు కరిగించుకుంటాయి. పీడనం వదిలితే వాయువు దానంతటదే బయటికి వస్తుంది, ఆవిరి అక్కర్లేదు. నీటితో కడిగిన గ్యాసును మళ్లీ ఆరబెట్టాలి. ఆవిరి కాని ద్రవంతో ఆ పని తేలికవుతుంది. డెల్టా ఎండల్లో నీరు వేడెక్కితే కరిగే మోతాదు ఇంకా పడిపోతుందన్నదీ ఈ పోలికలో చేర్చవలసిందే. ద్రవం కూడా వందల టన్నుల్లో కాక, కొద్ది టన్నుల్లో సరిపోతుంది.

ఐసు, రొయ్యలు, మిగులు వేడి

శక్తి ఆదా విషయంలో అయానిక్ ద్రవాలకు ఉన్న మరో దారి శీతలీకరణ. భీమవరం ప్రాంతపు రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లు, ఐసు ఫ్యాక్టరీలు కరెంటు కంప్రెసర్ల మీద నడుస్తాయి, ఎక్కువగా అమ్మోనియాతో. కంప్రెసర్ బదులు వేడితో నడిచే శోషణ యంత్రాలు చాలాకాలంగా ఉన్నాయి. వాటిలో ఒక రకం నీరు-లిథియం బ్రోమైడ్ జంట. చల్లదనమిచ్చేది నీరే కాబట్టి సున్నా డిగ్రీల కిందికి పోలేదు. ఏసీకి పనికొస్తుంది, రొయ్యను గడ్డకట్టించలేదు. పైగా లిథియం బ్రోమైడ్ మోతాదు మించితే గొట్టాల్లో గడ్డకట్టి యంత్రం ఆగిపోతుంది, ఉక్కును తినేస్తుంది కూడా. చాలా అయానిక్ ద్రవాలు అంత తేలిగ్గా గడ్డకట్టవు, కాబట్టి ఆ భయం తగ్గుతుంది.

రెండో రకం అమ్మోనియా-నీరు జంట. అది సున్నా కిందికి పోగలదు. కానీ వేడిచేసినప్పుడు అమ్మోనియాతోపాటు నీరూ ఆవిరైపోతుంది, ఆ నీటిని వేరుచేయడానికి రెక్టిఫైయర్ అనే అదనపు గోపురం, అదనపు వేడి కావాలి. నీటి స్థానంలో అయానిక్ ద్రవం పెడితే అమ్మోనియా ఒక్కటే పైకి వస్తుంది. రెక్టిఫైయర్ అవసరం తప్పుతుంది. డ్యూపాంట్‌లో యోకోజెకి, షిఫ్లెట్ 2007లో ప్రచురించిన కొలతలు ఈ ద్రవాల్లో అమ్మోనియా ఎంతో బాగా కరుగుతుందని చూపాయి. శోషణ యంత్రం ఒక యూనిట్ వేడికి 0.6 నుంచి 0.7 యూనిట్ల చల్లదనమే ఇస్తుంది. కంప్రెసర్ ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల పైన ఇస్తుంది. కాబట్టి వేడి ఉచితంగా దొరికే చోటే ఇది లాభం. ఊక బాయిలర్ ఉన్న మిల్లు పక్కనే కోల్డ్ స్టోరేజీ ఉన్న ఊళ్లు డెల్టాలో తక్కువేమీ కాదు. కరెంటు కోతలు లేని వేళల్లో కూడా అది నాణ్యంగా అందని పల్లెకు ఈ లెక్క ఇంకా అనుకూలం.

కాలువలోకి చేరితే

ఆవిరి కాదు కాబట్టి పర్యావరణానికి హాని లేదన్న వాదన సగమే నిజం. ఆవిరి కాని ద్రవం గాలిని కలుషితం చేయదు గానీ, లీకైతే నీటిలో చేరుతుంది. ఇమిడజోలియం రకాల్లో కర్బన గొలుసు పొడవు పెరిగిన కొద్దీ నీటి జీవులకు విషప్రభావం పెరుగుతుందని అనేక పరీక్షల్లో తేలింది. పొడవాటి గొలుసు కణపొరలోకి చొరబడడం దీనికి ఒక కారణం. వాటిలో చాలావరకు త్వరగా జీవవిచ్ఛిన్నం కావు. మురుగుకాలువ నీరు రొయ్యల చెరువులోకి, చెరువు నీరు మళ్లీ మురుగుకాలువలోకి పోయే డెల్టాలో ఇది పక్కన పెట్టగల విషయం కాదు.

ఈ కారణంగానే కోలిన్ ఆధారిత ద్రవాల మీద ఆసక్తి పెరుగుతోంది. కోలిన్ క్లోరైడ్ గోదావరి జిల్లాల కోళ్ల రైతులకు తెలిసిన సరుకే, దాణాలో కలుపుతారు. ఒక పాలు కోలిన్ క్లోరైడుకు రెండు పాళ్లు యూరియా కలిపితే, విడిగా 302, 133 డిగ్రీల దగ్గర కరిగే ఆ రెండు ఘనపదార్థాలూ కలిసి 12 డిగ్రీలకే ద్రవమవుతాయని ఆండ్రూ అబాట్ బృందం 2003లో ప్రకటించింది. వీటిని కచ్చితంగా అయానిక్ ద్రవాలనరు, డీప్ యుటెక్టిక్ ద్రావకాలంటారు. చౌక, విషప్రభావం తక్కువ. కార్బన్ డయాక్సైడును పట్టే శక్తి మాత్రం ప్రత్యేకంగా రూపొందించిన అయానిక్ ద్రవాలంత లేదు, చిక్కదనమూ ఎక్కువే.

పట్టిన వాయువు ఎక్కడికి

వేరుచేసిన వాయువును ఏం చేస్తారన్నదాన్ని బట్టే దాని లెక్క మారుతుంది. యూరియాగా మార్చితే, ఆ యూరియా చేలో పడి యూరియేజ్ ఎంజైమ్ ప్రభావంతో అమ్మోనియాగానూ కార్బన్ డయాక్సైడుగానూ విడిపోతుంది. వరి పంటకు వేసిన యూరియాలోని కార్బన్ కొద్ది రోజుల్లోనే గాలిలోకి వెళ్లిపోతుంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం (ఐపీసీసీ) మార్గదర్శకాలు కూడా దీన్ని వ్యవసాయ ఉద్గారంగానే లెక్కిస్తాయి. తూత్తుకుడిలో 2016 నుంచి ఏటా 60,000 టన్నుల సామర్థ్యంతో బాయిలర్ పొగను సోడా యాష్‌గా మార్చే విభాగం వ్యాపారపరంగా గట్టిది, అయితే అదీ శాశ్వత నిల్వ కాదు.

శాశ్వత నిల్వకు డెల్టా కింద రెండు రకాల చోట్లు చర్చకు వస్తాయి. ఒకటి కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఖాళీ అవుతున్న గ్యాసు పొరలు. ఇన్నేళ్లు గ్యాసును పట్టి ఉంచిన పైరాయి వాటికుంది. రెండోది రాజమహేంద్రవరం పరిసరాల్లో పైకి కనిపించే బసాల్ట్ పొరలు. ఐస్‌లాండ్‌లోని కార్బ్‌ఫిక్స్ ప్రయోగంలో బసాల్ట్‌లోకి పంపిన కార్బన్ డయాక్సైడులో 95 శాతం రెండేళ్లలోపు రాయిగా మారిందని 2016లో ప్రకటించారు. అయితే ఆ పద్ధతిలో వాయువును నీటిలో కరిగించి పంపుతారు, టన్నుకు పాతిక టన్నుల చుట్టూ నీరు కావాలి.

ఏ చోటు ఎంచుకున్నా అక్కడికి గొట్టాలు వేయాలి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఎగసిన బావి మంటలు 65 రోజులు ఆరలేదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే గ్రామంలో గ్యాసు గొట్టం పేలి ఊరి మధ్యే ప్రాణాలు పోయాయి. కార్బన్ డయాక్సైడ్ మండదు గానీ, గాలికన్నా బరువైనది కావడంతో లీకైనచోట పల్లంలో పేరుకుని ఊపిరాడనివ్వదు. డెల్టా అంతా పల్లమే. తడి కార్బన్ డయాక్సైడ్ కార్బోనిక్ ఆమ్లంగా మారి మామూలు ఉక్కు గొట్టాన్ని తినేస్తుంది కాబట్టి, గొట్టంలోకి పంపే ముందు వాయువును పూర్తిగా ఆరబెట్టడం తప్పనిసరి. నీటి అమైన్ స్ట్రిప్పర్ నుంచి వచ్చే వాయువు తడిగా వస్తుంది. అయానిక్ ద్రవం నుంచి వచ్చేది అంతకన్నా పొడిగా వస్తుంది.

కాకినాడలో తలపెట్టిన హరిత అమ్మోనియా ఈ చిత్రాన్ని ఇంకో వైపు నుంచి మారుస్తుంది. నీటిని విద్యుత్తుతో విడగొట్టి తెచ్చిన హైడ్రోజన్‌తో అమ్మోనియా చేస్తే కార్బన్ డయాక్సైడ్ అసలే రాదు. ఆ అమ్మోనియాను ఎగుమతి చేస్తే చిక్కు లేదు. అందులో కొంతైనా ఇక్కడే యూరియా చేయాలనుకుంటే, టన్నుకు 0.73 టన్నుల కార్బన్ డయాక్సైడ్ మొత్తాన్నీ బయటి నుంచే తెచ్చుకోవాలి. 2009లో కొద్దిపాటి లోటు పూడ్చడానికి కట్టిన విభాగం వంటివి అప్పుడు ప్రధాన ముడిసరుకు వనరు అవుతాయి. బయోగ్యాస్ శుద్ధిలో విడిగా వచ్చే స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడుకూ కొనేవారు దొరుకుతారు.